తోడేకొద్దీ ఊరని నీళ్లు: ఎడారి భూగర్భజలాలకు మోడల్ కట్టడం ఎలా

బావి నీళ్లు తోడేకొద్దీ ఊరతాయని వింటూ పెరిగినవాళ్లం. ఎడారిలో నేను కట్టిన మొదటి మోడల్‌ని, అంటే నేల కింది నీటి రాకపోకల్ని కంప్యూటర్‌లో లెక్కకట్టే నమూనాని, ముంచింది ఆ నమ్మకమే. రిపోర్టులో ఆ మాట ఎక్కడా రాయలేదు కానీ, రీఛార్జ్ (వాన నీరు ఇంకి నేల కింది నీటిలో చేరడం) కింద నేను వేసిన అంకెలో అది దాక్కుని ఉంది. ఏడాదికి 12 మిల్లీమీటర్లు ఇంకుతుందని వేశాను. నిజంగా ఇంకేది ఒకటిన్నర. ఆ తేడా ఎంత నష్టం తెచ్చిందో తర్వాత చెప్తాను.

పద్దెనిమిదేళ్లుగా నా పని ఇదే. ఎడారుల్లో బోర్ల గుంపులకీ, ఒయాసిస్సులకీ, పొలాలకీ నీటి లెక్క కట్టడం. మోడల్ నడపడం కాస్తో కూస్తో తెలిసి, మొదటిసారి ఎడారి ప్రాజెక్టులో కాలు పెడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏ బటన్ ఎక్కడుందో చెప్పను, అది మాన్యువల్‌లో దొరుకుతుంది. ఏ అంకె నమ్మాలి, ఏ అంకెతో గొడవ పడాలి అన్నదే నా గోల.

ముందు కాగితం, తర్వాతే కంప్యూటర్

గ్రిడ్ (మోడల్ లెక్కకట్టే గళ్లు) గీయకముందు ఒక అరపూట కాగితం మీద కూర్చోండి. ఒక ఊహా లెక్క చేసి చూపిస్తాను. ఏడాదికి 80 మి.మీ. వాన పడే ఎడారి లోయ, వైశాల్యం 2,000 చదరపు కిలోమీటర్లు. వానలోనూ దానితో పాటు రాలే ధూళిలోనూ కలిపి లీటరుకి 5 మి.గ్రా. క్లోరైడ్ (ఉప్పులో ఉండేది) ఉంది. నేల కింది నీటిలో 200 మి.గ్రా. ఉంది. మొక్కలూ ఎండా నీటిని తీసుకెళ్తాయి గానీ ఉప్పుని తీసుకెళ్లలేవు. అంటే ఉప్పు 40 రెట్లు చిక్కబడిందంటే, నీరు 40వ వంతే కిందికి దిగిందన్నమాట. 80ని 40తో భాగిస్తే 2 మి.మీ. లోయ మొత్తం మీద అది ఏడాదికి 40 లక్షల ఘనపు మీటర్లు.

ఇప్పుడు తోడేది చూద్దాం. 60 బోర్లు, ఒక్కోటి సెకనుకి 30 లీటర్లు, రోజుకి 12 గంటలు. బోరుకి రోజుకి 1,296 ఘనపు మీటర్లు, 60 బోర్లకీ ఏడాదికి 2 కోట్ల 84 లక్షలు. వచ్చేదానికి ఏడు రెట్లు. ఈ బోర్లన్నీ 100 చదరపు కిలోమీటర్లలో గుంపుగా ఉన్నాయనుకోండి. అక్కడి ఇసుక తన ఘనపరిమాణంలో 12 శాతం నీటిని వదులుతుందనుకోండి. లోటు మొత్తం ఆ ముక్కలోంచే తీస్తే మట్టం ఏడాదికి రెండు మీటర్లు దిగాలి. పక్కల నుంచి కొంత నీరు వచ్చి చేరుతుంది కాబట్టి నిజంలో కాస్త తక్కువ దిగుతుంది. ఆరు నెలలు కష్టపడి కట్టిన మోడల్ ఏడాదికి 20 సెంటీమీటర్లే దిగుతుందని చెప్తే, మెచ్చుకోకండి. ఎక్కడో తప్పు చేశారు, వెతకండి.

క్లోరైడ్ లెక్కలో ఒక మెలిక ఉంది. బోరులోంచి వచ్చే నీరు వేల ఏళ్ల నాటిదైతే, ఆ క్లోరైడ్ ఆనాటి వానల సంగతి చెప్తుంది, ఇప్పటి వానల సంగతి కాదు. ఈజిప్టు పశ్చిమ ఎడారిలో నూబియన్ ఇసుకరాయి నీటికి క్రిప్టాన్-81 అనే రేడియోధార్మిక వాయువుతో వయసు కడితే 2 లక్షల నుంచి 10 లక్షల ఏళ్ల దాకా తేలింది. అలాంటిచోట బోరు నీటి క్లోరైడ్‌తో నేటి రీఛార్జ్ కట్టడం, ముత్తాత ఆస్తి చూసి మనవడి జీతం అంచనా వేయడమే. కుదిరితే ఇసుకలో చేతి ఆగర్‌తో (చేత్తో తిప్పే తవ్వుడు మరతో) పది పదిహేను మీటర్లు తవ్వి, మీటరుకో నమూనా తీసి, ఆ తడిలో ఉన్న క్లోరైడ్‌ని కొలవండి. ఇంకా నీటిమట్టం దాకా చేరని ఆ తేమ ఇటీవలి దశాబ్దాలదో, శతాబ్దాలదో అయి ఉంటుంది. ఈ పనికి పట్టేది రెండు రోజులే. నేను మొదటిసారి దాన్ని అనవసరమని వదిలేశాను.

రీఛార్జ్ జీతం కాదు

"ఏడాదికి 40 లక్షలు ఇంకుతోంది కదా, 40 లక్షలు తోడుకుంటే తరగదు" అని ఎవరో ఒకరు అంటారు. మీటింగ్‌లో అందరూ తలలూపుతారు. ఊపకండి.

మీరు బోరు వేయకముందే ఆ 40 లక్షలు ఎక్కడికో పోతున్నాయి. ఒక ఊటగా బయటికి వస్తున్నాయి, ఖర్జూర చెట్ల వేళ్లకి అందుతున్నాయి, లేదా ఏదో ఉప్పు పర్రలో ఎండకి ఆవిరవుతున్నాయి. మీరు తోడే ప్రతి ఘనపు మీటరూ మూడింటిలో ఒక చోటి నుంచే రావాలి: నిల్వ తరగాలి, లేదా బయటికి పోయేది తగ్గాలి, లేదా లోపలికి వచ్చేది పెరగాలి. అమెరికా భూగర్భజల శాస్త్రవేత్త థీస్ 1940లోనే ఈ మాట తేల్చి చెప్పాడు. నది పక్కన ఊరిలోనైతే బోరు తోడితే నది నుంచి ఎక్కువ నీరు ఇంకుతుంది. ఎడారిలో లాక్కోవడానికి నది ఉండదు, మీరు తోడుతున్నారని వాన ఎక్కువ పడదు. మిగిలింది నిల్వ, ఊట. అంటే ఎడారిలో నీటి నిర్వహణ అనేది చివరికి ఒక్క ప్రశ్న: నిల్వని ఎంత వేగంగా కరిగిద్దాం, ఏ ఊటని ఎప్పుడు వదులుకుందాం? మోడల్ చెప్పగలిగేది ఆ "ఎప్పుడు".

జోర్డాన్‌లోని అజ్రఖ్ ఒయాసిస్సు దీనికి చేదు ఉదాహరణ. వలస పక్షులు ఆగే చిత్తడి నేల అది. ఒక వైపు నగరానికి నీళ్లు, మరో వైపు పొలాల బోర్లు. 1992 కల్లా ఊటలు ఆగిపోయాయి. అమెరికాలో నెవాడా ఎడారిలో డెవిల్స్ హోల్ అనే సన్నని నీటి గుంటలో అంగుళమంత చేప బతుకుతుంది. గుంటలో ఒక రాతి గట్టు మీద కాస్త నీరు ఉంటేనే అది గుడ్లు పెట్టగలదు. దగ్గర్లోని పొలాల బోర్ల వల్ల ఆ మట్టం దిగుతుంటే వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1976లో కోర్టు తోడకానికి హద్దు పెట్టింది. ఆ హద్దు ఘనపు మీటర్లలో కాదు, గుంటలో నీటిమట్టంలో! నాకు నచ్చిన తీర్పు అది. ఎడారిలో హద్దులు అలాగే పెట్టాలి.

"ఎప్పుడు" అన్నదాన్ని కూడా కాగితం మీద తేల్చుకోవచ్చు. బోర్ల గుంపు నుంచి ఊట దాకా దూరాన్ని వర్గం చేసి, నిల్వ గుణకంతో (మట్టం దిగితే జలస్తరం ఎంత నీరు వదులుతుందో చెప్పే అంకె) గుణించి, ట్రాన్స్‌మిసివిటీతో (జలస్తరం తన మందం మొత్తం మీద నీటిని ఎంత సులువుగా పారనిస్తుందో చెప్పే అంకె) భాగించండి. వచ్చేది రోజుల్లో ఒక మోటు కాలం. దూరం 30 కిలోమీటర్లు, ట్రాన్స్‌మిసివిటీ రోజుకి 500 చదరపు మీటర్లు అనుకుందాం. జలస్తరం మీద మూత లేకపోతే, అంటే గుణకం 0.1 అయితే, జవాబు 1,80,000 రోజులు. దగ్గర దగ్గర 500 ఏళ్లు. అదే ఇసుకరాయి మీద గట్టి బంకమన్ను పొర మూతలా ఉండి నీరు ఒత్తిడిలో ఉంటే గుణకం 0.0005 కావచ్చు. అప్పుడు 900 రోజులు, రెండున్నర ఏళ్లు. అదే దూరం, అదే రాయి, అవే మోటార్లు. ఒక చోట మీ మునిమనవళ్లకి కూడా తెలియదు, ఇంకో చోట మీ బదిలీ ఆర్డరు రాకముందే ఊట ఎండుతుంది.

మొదటి రకం మంచిదని సంబరపడకండి. దెబ్బ ఆలస్యంగా చేరేచోట, తోడడం ఆపినా కోలుకోవడం అంతే ఆలస్యం. ఏనుగు మింగిన వెలగపండులా పైకి అంతా బాగానే కనిపిస్తుంది.

బోరు దగ్గర

మోడల్ గొప్పదనం గురించి ఎవరెన్ని చెప్పినా, దాని బతుకు నీటిమట్టం కొలతల మీదే ఆధారపడి ఉంటుంది. ఇక్కడ నేను నేర్చుకున్నవి ఆఫీసులో నేర్చుకున్నవి కావు.

ఒక బోరు దగ్గర డిప్ మీటరు (నీరు తగిలితే మోగే కొలత టేపు) దింపితే 84.2 మీటర్ల దగ్గర బజర్ మోగింది. రాసుకుని వెళ్లబోతుంటే పంపు ఆపరేటరు టేపు పట్టుకుని వేళ్ల మధ్య నలిపాడు. "మేడం, చివర నాలుగు మీటర్ల మేర జిడ్డు ఉంది చూడండి. షాఫ్టు నూనె కారి నీటి మీద తేలుతోంది" అన్నాడు. నూనెలో మీటరు మోగదు, నీరు తగిలాకే మోగుతుంది. పైన ఉన్న నాలుగు మీటర్ల నూనె బరువుకి నీరు కిందికి అణగి ఉంది. నూనె సాంద్రత 0.88 అనుకుంటే నాలుగు మీటర్ల నూనె మూడున్నర మీటర్ల నీటితో సమానం. అంటే అసలు మట్టం 80.7. ఆయన టేపు పట్టుకోకపోతే ఆ తప్పు మూడున్నర మీటర్లు నా మోడల్‌లోకి వెళ్లి, దాన్ని సరిచేయడానికి నేను రాతి గుణాలు మార్చుకుంటూ కూర్చునేదాన్ని. అప్పటి నుంచి పాత షాఫ్టు పంపున్న ప్రతి బోరులో టేపు తుడిచి చూడటం అలవాటైంది.

ఇంకొన్ని గబగబా చెప్తాను. మోటారు ఆపిన పావుగంటకి కొలిచిన మట్టం మట్టం కాదు, అది ఇంకా లేస్తూ ఉంటుంది. పక్క బోరు నడుస్తోందో లేదో కూడా రాసుకోండి. బోరులో వేలాడదీసే లాగర్లు (మట్టాన్ని వాటంతటవే రాసుకునే పరికరాలు) చాలావరకు గాలి ఒత్తిడిని కూడా కలిపి కొలుస్తాయి. ఒక మిల్లీబార్ మారితే ఒక సెంటీమీటరు తేడా కనిపిస్తుంది కాబట్టి, పైన గాలిలో ఇంకో లాగర్ పెట్టి తీసేయాలి.

అన్నిటికంటే ఎక్కువ ముంచేది కేసింగ్ (బోరు గొట్టం) అంచు ఎత్తు, మట్టాన్ని కొలిచేది అక్కడి నుంచే. ఎడారిలో నీటి వాలు చాలా సన్నం. కిలోమీటరుకి అర మీటరు ఉన్నా ఆశ్చర్యం లేదు. ఉపగ్రహ ఎత్తుల పటం నుంచి తీసుకున్న నేల ఎత్తులో ఐదు మీటర్ల తప్పు మామూలు, ఇసుక తిన్నెల మధ్య ఇంకా ఎక్కువ. ఐదు మీటర్లు అంటే ఆ వాలులో పది కిలోమీటర్ల ప్రయాణం. నీరు తూర్పుకి పోతోందో పడమరకి పోతోందో కూడా తలకిందులు కావచ్చు. డబ్బు తక్కువగా ఉంటే కొత్త బోరు ఒకటి మానేసి, ఉన్న బోర్లన్నిటికీ డిఫరెన్షియల్ జీపీఎస్‌తో (ఎత్తుని చాలా కచ్చితంగా కొలిచే జీపీఎస్) సర్వే చేయించండి. ఈ ఒక్క మాట కోసం నేను మేనేజర్లతో ఎన్నిసార్లు పోట్లాడానో లెక్క లేదు.

తోడేది ఎంతో కొలిచే మీటర్లు చాలాచోట్ల ఉండవు. ఉన్నా ఇసుక పడి ఆగిపోయి ఉంటాయి. రైతుని అడిగితే తక్కువ చెప్తాడు, అధికారిని అడిగితే లైసెన్సులో ఉన్నది చెప్తాడు. కరెంటు బిల్లు కొంచెం నిజాయితీ గలది. ఉపగ్రహ చిత్రం ఇంకా నిజాయితీ గలది. గుండ్రంగా తిరిగే సెంటర్ పివట్ పొలం ఆకాశం నుంచి పచ్చ బిళ్లలా కనిపిస్తుంది. వ్యాసార్థం 400 మీటర్లైతే 50 హెక్టార్లు. వేడి ఎడారిలో ఏడాది పొడవునా అల్ఫాల్ఫా గడ్డి వేస్తే అది తాగేది రెండు మీటర్లకు అటూ ఇటూ. అంటే ఒక్క బిళ్ల ఏడాదికి పది లక్షల ఘనపు మీటర్లు మింగుతుంది! అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి తీసిన చిత్రాలు ఇప్పుడు ఉచితంగా దొరుకుతాయి. ఏ ఏడు ఎన్ని బిళ్లలు పచ్చగా ఉన్నాయో లెక్కపెడితే చాలు, తోడకం చరిత్ర చేతికొస్తుంది. చిన్న పిల్లల పనిలా ఉంటుంది గానీ, నా అత్యుత్తమ డేటా అలా వచ్చిందే.

గ్రేస్ ఉపగ్రహాల గురించి కూడా అడుగుతారు. 2002 నుంచి 2017 దాకా ఒక జత, 2018 నుంచి దాని వారసులు భూమి గురుత్వాకర్షణ మార్పుల్ని కొలిచి నీటి నష్టం చెప్తున్నాయి. దేశమంత జలస్తరానికి అది అద్భుతం. మూడు నాలుగు వందల కిలోమీటర్ల కంటే చిన్న విషయాలు దానికి ఆనవు. మీ 60 బోర్ల గుంపు దానికి కనిపించదు.

సాఫ్ట్‌వేర్

అమెరికా భూగర్భ సర్వే వారి మోడ్‌ఫ్లో అనే భూగర్భజల మోడల్ ప్రోగ్రాం వాడండి. 1980లలో మొదలైంది, ఉచితం, లోపలి లెక్క బయటికి కనిపిస్తుంది. 2017లో వచ్చిన మోడ్‌ఫ్లో 6లో బోర్ల దగ్గర మాత్రమే గళ్లు చిన్నవి చేసుకునే వీలుంది. దాన్ని నడపడానికి, మౌస్‌తో పని చేసేవాళ్లకి మోడల్‌మ్యూజ్, పైథాన్ ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లకి ఫ్లోపై. నా ఓటు ఫ్లోపైకే. ఎందుకంటే ఆరు నెలల తర్వాత "ఈ అంకె ఎక్కడిది?" అని ఎవరైనా అడిగితే స్క్రిప్టులో జవాబుంటుంది, మౌస్ నొక్కుళ్లలో ఉండదు. నీరు ఉప్పుబారే చోట సాంద్రతని కూడా లెక్కించే మోడల్ కావాలి. సముద్రం పక్క ఎడారుల్లో అది తప్పనిసరి. అక్కడ మంచినీటి మట్టం ఒక మీటరు దిగితే కింది ఉప్పునీరు, చివరికి నిలకడ పడేసరికి, సుమారు 40 మీటర్లు పైకి వస్తుంది.

కట్టేటప్పుడు

పొరలు తక్కువ పెట్టండి. కిలోమీటరు గళ్లతో, రెండు మూడు పొరలతో మొదలుపెట్టి, అది నిమిషంలో నడిచేలా ఉంచుకోండి. గంటలు నడిచే మోడల్‌తో మనిషి ప్రయోగాలు చేయడు, అది ఇచ్చిన జవాబుకి దండం పెట్టుకుంటాడు.

హద్దుల దగ్గర జాగ్రత్త. మోడల్ అంచున "ఇక్కడ మట్టం మారదు" అని ఒక గీత గీస్తే, అది అడిగినంత నీరు పోసే కామధేనువు అవుతుంది. ఎడారిలో అలాంటి గీత అంటే అబద్ధం. ప్రతి రన్ తర్వాత నీటి పద్దు తెరిచి, అంచుల నుంచి ఎంత వచ్చిందో చూడండి. వానకంటే ఎక్కువ వస్తుంటే ఆ గీత తీసేయండి. పద్దులో రాక, పోక మధ్య తేడా ఒక శాతం లోపే ఉండాలి. అది లెక్క సరిగా జరిగిందనడానికి గుర్తు మాత్రమే, మోడల్ నిజమనడానికి కాదు.

రీఛార్జ్‌ని లోయ అంతటా పిండి చల్లినట్టు చల్లకండి. వరద వచ్చినప్పుడు నీరు ఇంకేది వాగు ఇసుకలో, కొండ అడుగున ఉన్న గులకరాళ్లలో. అక్కడి గళ్లకే ఇవ్వండి. సగటు కూడా మోసమే. నాలుగేళ్లు సున్నా, ఐదో ఏడు ఒక్క రాత్రి వరద. మోడల్‌లో ఏళ్లని అలాగే విడగొడితే, వాగు పక్క బోరులో మట్టం ఎందుకు ఎగిరిందో, దూరపు బోరు ఎందుకు కదల్లేదో అర్థమవుతుంది.

ఇక ఆరంభ స్థితి. పాఠాల్లో "తోడకముందు జలస్తరం నిలకడగా ఉంది" అనుకుని మొదలుపెట్టమంటారు. సహారాలో అది తప్పు. 5,000 ఏళ్ల కింద దాకా అక్కడ గడ్డి, సరస్సులు ఉండేవి. ఆ తర్వాత వానలు ఆగాయి, కింది నీరు అప్పటి నుంచి నెమ్మదిగా ఖాళీ అవుతూనే ఉంది. ఇవాళ కనిపించే వాలు నేటి వానలు నిలబెట్టింది కాదు, ఆనాటి నిండు చెరువు మిగుల్చుకున్న వాలు. ఆ వాలుని నిలకడ అనుకుని నేటి రీఛార్జ్‌తో సరిపెట్టాలని చూస్తే, లేని రీఛార్జ్‌ని మోడల్‌లోకి మీరే కుక్కుతారు. అందుకే నేను తడి కాలం నుంచి మొదలుపెట్టి, వానలు ఆపేసి, కొన్ని వేల ఏళ్లు పెద్ద అడుగులతో నడిపి, ఇవాళ్టికి చేరుస్తాను. కంప్యూటర్‌కి ఇది పెద్ద భారం కాదు. ఖాళీ అవుతున్న జలస్తరం చేతికొస్తుంది.

ఇంకో చిన్న ఉచ్చు. కిలోమీటరు గడిలో మోడల్ చెప్పే మట్టం ఆ గడి సగటు. అందులోని బోరులో మట్టం దానికంటే లోతుగా ఉంటుంది. సెకనుకి 30 లీటర్లు తోడే, 15 సెంటీమీటర్ల వ్యాసార్థమున్న బోరుకి, ట్రాన్స్‌మిసివిటీ 500 అయితే, ఆ తేడా సుమారు 6 మీటర్లు. బోరు గొట్టం జాలీలోంచి నీరు దూరే నష్టం దీనికి అదనం. పంపు ఏ లోతున వేలాడుతోందో తెలిసినవాడికి ఈ ఆరు మీటర్లే ప్రాణం. మోడల్‌లో నీరు ఉన్నట్టే ఉంటుంది, బోరు మాత్రం గాలి పీలుస్తుంది.

ఇల్లలకగానే పండగ కాదు

ఇప్పుడు నా పాపం చెప్తాను.

ఆ మొదటి మోడల్‌ని 41 బోర్ల మట్టాలతో సరిపోల్చాను. మట్టాల మధ్య మొత్తం తేడా 60 మీటర్లు, నా సగటు తప్పు 1.8 మీటర్లు. మూడు శాతం. గ్రాఫులో చుక్కలన్నీ ఏటవాలు గీత మీద ముత్యాల్లా కూర్చున్నాయి. రిపోర్టు అట్ట మీద ఆ బొమ్మే వేశారు. ముప్పై ఏళ్లలో బోర్ల గుంపు నడుమ మట్టం 11 మీటర్లు దిగుతుందని రాశాను. నాలుగో ఏడే ఆ 11 దాటేసింది.

నేను వాడినవి నీటిమట్టాలు మాత్రమే, అవీ తోడకముందువి. నిలకడ స్థితిలో వాలుని నిర్ణయించేది రీఛార్జ్‌కీ, రాయి నీటిని పారనిచ్చే గుణానికీ ఉన్న నిష్పత్తి. రెండిటినీ ఎనిమిది రెట్లు పెంచండి, మట్టాలు ఇసుమంత కూడా మారవు. నా రీఛార్జ్ 12, అసలుది ఒకటిన్నర. ఎనిమిది రెట్లు. కాబట్టి నా మోడల్‌లో రాయి కూడా ఎనిమిది రెట్లు సులువుగా నీటిని పారించింది. తోడకముందు బొమ్మ అచ్చు గుద్దినట్టు సరిపోయింది. తోడడం మొదలయ్యాక, మోడల్‌లో నీరు దూరాల నుంచి పరుగెత్తుకొచ్చింది, నేల కింద మాత్రం రాలేదు. బోర్ల చుట్టూ నీటిమట్టంలో గుంట నిటారుగా, లోతుగా పడింది.

దీనికి సాక్ష్యం నా దగ్గరే ఉంది. రెండు పంపింగ్ టెస్టులు (బోరు తోడుతూ మట్టం ఎంత దిగుతుందో చూసే పరీక్షలు) అసలు రాయి ఎంత బిగుతో చెప్పాయి. "ఇవి ఆ బోరు చుట్టుపక్కల సంగతే" అని పక్కన పెట్టేశాను, ఎందుకంటే అవి నా అందమైన గీతని చెడగొడుతున్నాయి. పై అధికారులు అడగలేదు, సమీక్షకి వచ్చినవారూ అడగలేదు. నాకు తెలుసు గనక నేనే అడిగి ఉండాల్సింది.

ఇప్పుడు ఇలా చేస్తాను. మట్టాలతో పాటు ఏదో ఒక ప్రవాహాన్ని కూడా సరిపోల్చకుండా క్యాలిబ్రేషన్ (మోడల్‌ని కొలతలకి సరిపెట్టడం) అయిందని అనను. ఊట నుంచి సెకనుకి ఎన్ని లీటర్లు వస్తోంది, ఉప్పు పర్ర నుంచి ఎంత ఆవిరవుతోంది, క్లోరైడ్ చెప్పిన రీఛార్జ్ ఎంత, కార్బన్-14 చెప్పిన వయసు ఎంత. వీటిలో ఒక్కటి చేరినా ఆ నిష్పత్తి ముడి విడిపోతుంది. తర్వాత తోడకం మొదలైన ఏళ్ల మట్టాల్ని ఏటేటా సరిపోల్చాలి. నిల్వ గుణకం బయటపడేది అక్కడే. నిలకడ మోడల్‌లో అది అసలు లెక్కలోకే రాదు.

పారామీటర్లు చేత్తో తిప్పి చూడటం ఒక వారం దాకా మంచిది, మోడల్ స్వభావం తెలుస్తుంది. ఆ తర్వాత పారామీటర్లని తనే తిప్పి చూసే పెస్ట్ లాంటి ప్రోగ్రాంకి అప్పగించండి. ఒక్క మంచి జవాబు అడగకండి, డేటాకి దాదాపు సమానంగా సరిపోయే రెండు వందల మోడళ్లు అడగండి. అన్నీ గతాన్ని ఒకేలా చెప్తాయి, భవిష్యత్తుని మాత్రం వేరువేరుగా చెప్తాయి. ఆ వేరు ఎంత వెడల్పో చూస్తేనే మనకి తెలిసింది ఎంతో తెలుస్తుంది.

ఒక్క నంబర్ చెప్పండి మేడం

ఆ రెండు వందల గీతలు తీసుకెళ్లి చూపిస్తే, మేనేజర్ కళ్లజోడు తీసి, "అన్నీ బాగున్నాయి మేడం, ఒక్క నంబర్ చెప్పండి" అంటారు. కోప్పడకండి. ఆయన సంతకం పెట్టాలి. ఒక్క నంబరే ఇవ్వండి, కానీ అది తోడకం నంబరు కాకుండా మట్టం నంబరు అయ్యేలా చూసుకోండి. "ఊటకీ బోర్లకీ నడుమ ఉన్న ఈ పరిశీలన బోరులో మట్టం ఇక్కడిదాకా దిగితే, దక్షిణం వైపు 20 బోర్లు ఆపాలి. ఇంకో మీటరు దిగితే మిగతావి సగానికి తగ్గించాలి." ఆ మెట్లు ఎక్కడ పెట్టాలో చెప్పడానికే ఆ రెండు వందల మోడళ్లు. మెట్టు తగిలి బోర్లు ఆపాక కూడా మట్టం కొన్నేళ్లు దిగుతూనే ఉంటుంది. ఆ అదనపు దిగుడుని కలుపుకున్నాక కూడా రెండు వందల్లో 190 మోడళ్లలో ఊట బతికేలా మెట్టుని పైకి జరపండి.

నిల్వని కరిగించాలనే నిర్ణయించుకుంటే దాన్ని దాచకుండా రాసి పెట్టుకోవాలి. ఆరిజోనాలో ఫీనిక్స్ చుట్టుపక్కల కొత్త ఇళ్ల కాలనీకి అనుమతి కావాలంటే వందేళ్ల నీరు చూపించాలి. ఆ వందేళ్ల చివరికి మట్టం నేల నుంచి 1,000 అడుగుల కిందికి పోకూడదు. 2023 జూన్‌లో ఆ రాష్ట్ర జలవనరుల శాఖ తన మోడల్ ఫలితం బయటపెట్టింది: వందేళ్లలో 48.6 లక్షల ఎకరా-అడుగులు, అంటే దాదాపు 212 టీఎంసీలు లోటు. మొత్తం అవసరంలో అది నాలుగు శాతమే. అయినా భూగర్భజలం మీదే ఆధారపడే కొత్త కాలనీలకి అనుమతులు ఆపేశారు. గడువూ, లోతూ ముందే రాసి ఉన్నాయి కాబట్టే మోడల్ మాటకి విలువొచ్చింది. అవి రాసి లేకపోతే నాలుగు శాతం అనేది ఇంకో పవర్‌పాయింట్ స్లైడు.

సౌదీ అరేబియాలో ఇది వెనకనుంచి జరిగింది. 1980లలో రాయితీలిచ్చి పాత నీటితో గోధుమ పండించారు. 1990ల మొదట్లో ఏటా 40 లక్షల టన్నుల దాకా వెళ్లింది. 2008లో తగ్గించాలని నిర్ణయించి, 2016 కల్లా స్థానిక గోధుమ కొనడం ఆపారు. ఎంత లోతు దాకా కరిగించవచ్చో మొదటే హద్దు గీసి ఉంటే ఆ నిర్ణయం ఎప్పుడు వచ్చేదో ఊహించుకోవచ్చు.

నీరు తిరిగి దింపే ఆలోచనని కూడా మోడల్‌లో పరీక్షించండి. అబుదాబీలో లివా దగ్గర శుద్ధి చేసిన సముద్రపు నీటిని ఇసుకలోకి దింపి, 2.6 కోట్ల ఘనపు మీటర్ల అత్యవసర నిల్వ ఏర్పాటు చేశారు, 2018లో ప్రారంభించారు. అక్కడ మోడల్ జవాబు చెప్పాల్సిన ప్రశ్న వేరు: దింపిన మంచినీరు చుట్టూ ఉన్న ఉప్పునీటిలో కలిసిపోకుండా, పక్కకి జారిపోకుండా ఎన్నాళ్లు నిలుస్తుంది? వాగులకి అడ్డుకట్టలు కట్టాలనుకునేవాళ్లు ఒండ్రుని లెక్కలోకి తీసుకోవాలి. మొదటి రెండు వరదలకి బాగా ఇంకుతుంది, తర్వాత సన్నమట్టి అడుగున పేరుకుని నీరు నిలిచి ఎండకి పోతుంది. మోడల్‌లో ఏటా ఇంకుడు రేటు తగ్గించి చూడండి, కట్ట గిట్టుబాటవుతుందో లేదో అప్పుడు తేలుతుంది.

ఏటా ఒకసారి

మోడల్ అప్పగించి వెళ్లిపోవడం మా వృత్తిలో పెద్ద జబ్బు. అప్పగించే రోజునే, ప్రతి పరిశీలన బోరుకీ వచ్చే ఐదేళ్లలో ఏటా మట్టం ఎంతెంత మధ్య ఉండాలో ఒక పట్టికలో రాసి, సంతకం చేసి ఇవ్వండి. ఏటా అదే నెలలో, మోటార్లు ప్రతిసారీ అన్నే గంటలు ఆపాక, అదే కేసింగ్ అంచు నుంచి కొలవమనండి. ఒక ఏడు ఒక బోరు ఆ పట్టీ (మీరు రాసిచ్చిన హద్దులు) దాటితే కొలతని అనుమానించండి. వరసగా రెండేళ్లు దాటితే మోడల్‌ని అనుమానించండి, రీఛార్జ్ గడి నుంచి మొదలుపెట్టి.

నా పాత మోడల్‌ని అలాగే విప్పి మళ్లీ కట్టాను. ఒకటిన్నర మిల్లీమీటర్లు, బిగుతైన రాయి, వేల ఏళ్లుగా ఖాళీ అవుతున్న జలస్తరం. సగటు తప్పు 1.8 నుంచి 3.1 మీటర్లకి పెరిగింది. చుక్కలు గీతకి అటూ ఇటూ చెదిరాయి, అట్ట మీద వేసుకునే బొమ్మ కాదది. నడుమ బోరుకి ఐదేళ్ల పట్టీ రాసి ఇచ్చాను. ఐదేళ్లూ కొలత పట్టీలోనే ఉంది, ఒక్క మూడో ఏడు తప్ప. ఆ ఏడు టేపు తుడవడం మర్చిపోయారు.